చేతిరాత వారాలు

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట నేను అనడం లేదు, మా అమ్మ అనేది. "అందరికీ ఆకలేస్తే కడుపు మండుతుంది, దీనికి ఎదుటివాళ్ళు తింటే మండుతుంది" అని పక్కింటావిడతో చెప్పేది, నేను వింటుండగానే. అబద్ధమేమీ కాదు. కాకపోతే మా అమ్మకి తెలియని సంగతి ఒకటుంది. పదిహేడో ఏట నేను అందరికంటే ఎక్కువ కుళ్ళుకున్నది లోకంలో లేని మనిషిని చూసి. వాడు ఒక వారపత్రిక సీరియల్లో హీరో. ఆరడుగుల ఎత్తు, తెల్ల చొక్కా, మాట్లాడే ముందు ఒక్క క్షణం ఆగడం. ఆ ఆగడం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తొంభైల నడుమ సంగతి. జగ్గయ్యపేటలో మాకు పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో కంది బస్తాల గోడౌను. మా పక్కింట్లో ఒక మేష్టారి కుటుంబం. మేష్టారి భార్యకి మేనకోడలు ఒకత్తి కీసర నుంచి వచ్చి, అత్త దగ్గరే ఉండి, నాతోపాటు ఇంటర్ చదివింది. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను. మా ఇంట్లోనూ ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. "కీసరమ్మాయి వచ్చిందా", "కీసరమ్మాయికి కూడా పెట్టవే" అనేవాళ్ళు. రైతుల పిల్ల, గట్టి గొంతు, ఇంకా గట్టి నవ్వు. అది నవ్వితే కొట్లో ఉన్న మా నాన్నకి వినపడి, "ఏమైందర్రా?" అని అక్కణ్ణుంచే కేకేసేవాడు.

గురువారం మధ్యాహ్నం బస్సులో వారపత్రిక వచ్చేది. ముందు మా అమ్మ రాశిఫలాలు చూసుకుని, వంటలు చదివి, "ఇవి ఎవరు తింటారే తల్లీ" అనుకుంటూ మాకు పడేసేది. ఆ తరవాత గోడౌనులో మా రాజ్యం. మాకొక పద్ధతి ఉండేది. కీసరమ్మాయి పైకి చదవాలి, నేను వినాలి, ఎవరూ దొంగతనంగా ముందు చదువుకోకూడదు. చదవడం అయ్యాక సీరియల్ పేజీలు స్కేలు పెట్టి జాగ్రత్తగా చించడం దాని వంతు, కుట్టడం నా వంతు. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఇదే పని. వారం వారం పేజీలు దాచి, సీరియల్ అయిపోయాక కుట్టుకుంటే అదే నవల. మిగతావాళ్ళు బైండింగ్ షాపుకి ఇచ్చేవాళ్ళు. మాకు ఆ అవసరం లేదు. గోతాలు కుట్టే దబ్బనం, పురికొస కొట్లోనే ఉండేవి, అట్టకి పాత క్యాలెండర్లు ఉండేవి.

ఒక్కోసారి ఏదో ఒక వారం పోతుంది. పేజీ మీద పులుసు ఒలుకుతుంది, లేకపోతే తెలియక ఎవరో పొట్లం కట్టేస్తారు. అప్పుడు వేరే ఇంటి నుంచి ఆ సంచిక అడిగి తెచ్చుకుని, తెల్లకాగితాల మీద చేత్తో ఎక్కించి, ఆ కాగితాలు అచ్చు పేజీల మధ్యలో పెట్టి కుట్టేవాళ్ళం. దాన్ని మేమిద్దరం చేతివారం అనేవాళ్ళం. చేతివారాన్ని ఎవరూ అనుమానించరు. అచ్చుకి ఎంత మర్యాదో దానికీ అంతే. నేను చేసిన వెధవ పని మొత్తం ఈ మర్యాద మీదే నిలబడింది.

ఆ ఏడాది వస్తున్న సీరియల్లో ఒక కాలేజీ అమ్మాయి ఉండేది. మొదటి వారంలోనే స్నేహితురాళ్ళు చుట్టూ చేరి, "నీకెవరంటే ఇష్టమే?" అని అడుగుతారు. "నాకెవర్ని చూసినా అలా అనిపించదు. అనిపించనందుకు బెంగ కూడా లేదు" అంటుంది ఆ అమ్మాయి.

నేను కంది బస్తా మీద కూర్చుని వింటున్నాను. "మళ్ళీ చదువు" అన్నాను. చదివింది. "ఇంకోసారి" అన్నాను.

"చెవుడొచ్చిందా ఏమే నీకు?" అంది కీసరమ్మాయి.

చెవుడు కాదు. అప్పటిదాకా నన్ను ఒక్కదాన్నే దేవుడు ఇలా సగం వండి దింపేశాడని అనుకునేదాన్ని. క్లాసులో అమ్మాయిలు బస్టాండు దగ్గర నిలబడే కుర్రాళ్ళ గురించి గుసగుసలాడుతుంటే నేనూ నవ్వేదాన్ని, అందరూ నవ్విన చోటే, ఒక్క అరక్షణం ఆలస్యంగా. ఒకసారి అద్దం ముందు నిలబడి, అందరూ బావున్నాడనే కుర్రాడి పేరు పదిసార్లు అనుకుని, బుగ్గలు ఎర్రబడతాయేమో చూశాను. ఏమీ కాలేదు. ఆకలేసింది, వెళ్ళి పెరుగన్నం తిన్నాను. మిగతావాళ్ళకి ఏదో పండగ జరుగుతోంది, నాకు మాత్రం పిలుపు రాలేదు. ఆ పండగకి వెళ్ళాలని నాకేం లేదు, కానీ పిలవనందుకు మాత్రం కుళ్ళు. ఈ వింత ఎవరికి చెప్పుకోను?

అలాంటిది, అచ్చులో, అంత పెద్ద వారపత్రికలో, నాలాంటి పిల్ల! అంతకుముందు అద్దె పుస్తకాల షాపులో వయసు పిల్లల నవలలు బోలెడు చదివాను. ప్రేమ పుట్టని ఆడపిల్ల వాటిలో ఉండకపోదు. కానీ ఆ పిల్లకి ఏదో ఒక జబ్బు అంటగట్టేవాళ్ళు. చిన్నప్పుడెవడో మోసం చేశాడనో, తల్లిని తండ్రి కొడుతుంటే చూసిందనో చెప్పేవాళ్ళు. అవేవీ లేకపోతే పొగరు, ఆ పొగరు దించడానికి హీరో. వయసు మళ్ళిందా, ఇక కళ్ళజోడు, జుట్టు ముడి, హాస్టల్ వార్డెన్ ఉద్యోగం, అందరూ చాటున నవ్వుకోవడానికి ఒక మారుపేరు. ఏ దెబ్బా తగలకుండా, ఏ పొగరూ లేకుండా, కడుపునిండా తిని హాయిగా ఉన్న పిల్లకి ఉత్తినే ప్రేమ పుట్టకపోవడం నేను ఒక్క పుస్తకంలోనూ చూడలేదు. ఈ సీరియల్లో చూశాను. గురువారం ఎప్పుడొస్తుందా అని బుధవారం నుంచే నాకు అన్నం సయించేది కాదు.

కీసరమ్మాయి మాత్రం వారం వారం ఒకే మాట అనేది. "ఆగవే, హీరో ఇంకా రాలేదుగా."

వచ్చాడు, ఇరవయ్యో వారంలో. తెల్ల చొక్కాతో వచ్చి, ఒక్క క్షణం ఆగి, ఏదో అన్నాడు. అంతే, ఇరవై వారాలు నిటారుగా నిలబడ్డ పిల్ల వేసంకాలం నెయ్యిలా కరిగిపోయింది. చదువుతున్న కీసరమ్మాయి గొంతు కూడా మారిపోయింది. సన్నబడింది, తడిసింది. నేను దాని మొహం చూశాను. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. నేను అద్దం ముందు పదిసార్లు ప్రయత్నించి తెచ్చుకోలేని ఎరుపు, దానికి అలా చదువుతుంటేనే వచ్చేసింది.

"ఛీ, ఏం బాలేదు" అన్నాను.

"నీ మొహం, ఇప్పుడేగా బావుంది!"

"ఇరవై వారాలు అనిపించదు అనిపించదు అని చెప్పి, ఇప్పుడిలా పడిపోతే అవన్నీ అబద్ధాలేనా?"

"అబద్ధాలెందుకవుతాయే? అప్పటికి సరైనవాడు తగల్లేదు, అంతే. నీకూ తగిల్తే తెలుస్తుంది."

ఆ రోజు దానితో మాట్లాడకుండా కుట్టాను. దబ్బనం వేల్లో గుచ్చుకుంది కూడా. నా కుళ్ళు ఒక పద్ధతిలో లేదు. ఆ పిల్లని నా నుంచి లాక్కుపోయాడని హీరో మీద కుళ్ళు. చదివినంత మాత్రాన ఎర్రబడగలదని కీసరమ్మాయి మీద కుళ్ళు. అన్నిటికంటే ఎక్కువ, ఇవాళ కాగితం మీద ఉన్నవాడు రేపు నిజంగా వచ్చి దీన్ని తీసుకుపోతాడని, ఆ ఎవడో ఒకడి మీద ముందే కుళ్ళు. నాకు కావలసింది గురువారం మధ్యాహ్నాలు, ఆ గొంతు, ఆ నవ్వు. పెళ్ళి అక్కర్లేని మనిషికి ఇంకో మనిషి కూడా అక్కర్లేదని జనం అనుకుంటారు. నాకు అక్కర ఉంది, చాలా ఉంది. అదే ప్రేమేమో అంటారా? నేనూ ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి చూసుకున్నాను. కాదు. దాన్ని చూస్తే నాకు ఏ ఎరుపూ రాలేదు. అది నా మనిషి, అంతే. కాకపోతే "నా మనిషి" అనడానికి నా దగ్గర తాళి లేదు, చుట్టరికం లేదు, కాగితం లేదు. అదెళ్ళిపోతుంటే ఆపడానికి ఏమని అడగను?

పరీక్షలయ్యాయి. కీసరమ్మాయి వాళ్ళ ఊరెళ్ళిపోయింది. సీరియల్ ఇంకా ఆరు వారాలుంది. వాళ్ళ నాన్న వారపత్రికల్ని గుమ్మం తొక్కనివ్వడు. అందుకని, "ఈ ఆరు వారాలూ నువ్వే చించి, మొత్తం కుట్టి పంపు. అప్పటిదాకా కథ ఎవర్నీ అడగను, ఒట్టు" అని చెప్పి బస్సెక్కింది.

రెండు వారాలకి ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. "ఒసేయ్, పరిటాల సంబంధం వచ్చింది. కంచికచర్లలో పురుగుమందుల కొట్టు ఉందట. చూసి వెళ్ళారు. నవ్వితే బావుంటాడే. మా నాన్న నీ మాటేంటని అడిగితే కాస్త టైమివ్వమన్నా. సీరియల్లో ఆ అమ్మాయి ఏం చెబుతుందో చూసి నేనూ అదే చెప్తా. తొందరగా పంపు."

అది వేళాకోళమని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. కుళ్ళు పట్టినవాళ్ళకి వేళాకోళాలు తెలియవు. నవ్వితే బావుంటాడట! నా నవ్వెలా ఉంటుందో అది ఎప్పుడైనా రాసిందా? నాకు ఆ ఉత్తరంలో ఒక్క ముక్కే కనపడింది. ఆ అమ్మాయి ఏం చెబితే ఇదీ అదే చెబుతుంది. ఆ అమ్మాయేమో నా చేతుల్లో ఉంది.

అచ్చులో ఆ అమ్మాయి ఏం చెప్పిందో వేరే రాయక్కర్లేదు, ఆఖరి వారంలో పెళ్ళి పీటల మీద శుభం. నేను మొదటి రెండు వారాల పేజీలు చించి మామూలుగా పెట్టాను. తరవాతి నాలుగు వారాల పేజీలు పొయ్యిలో పెట్టాను. లాంగ్ నోట్‌బుక్ కాగితాలు చించుకుని, నాలుగు చేతివారాలు రాశాను. రచయిత వాడే మాటలే వాడాను. ప్రతి వారం చివర "సశేషం" అని రాసి కింద గీత గీశాను. నా అమ్మాయి ఆ తెల్ల చొక్కావాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, "మీరు మంచివారే. మొన్న నాకు కలిగింది మొహమాటం. మీరందరూ దాన్నే ప్రేమ ప్రేమ అంటుంటే నేనూ నమ్మాను" అని చెప్పింది. వాడు ఒక్క క్షణం ఆగి, ఏమీ అనలేక వెళ్ళిపోయాడు. ఆ వాక్యం రాసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

అక్కడితో ఆపితే నేను మంచి రచయిత్రినయ్యేదాన్ని. ఆపలేదు. నాలుగో వారంలో ఆ అమ్మాయి స్నేహితురాలికి సంబంధం వచ్చి, పెళ్ళిచూపులకని రైలెక్కుతుంది. ఈ అమ్మాయి రైల్వే స్టేషన్‌కి పరుగెత్తుకెళ్ళి, స్నేహితురాలి చెయ్యి పట్టుకుని, "నువ్వూ వద్దను. మనకి మనం చాలు" అంటుంది. ఆ పిల్ల రైలు దిగేస్తుంది. ఇద్దరూ రెండు గదుల ఇల్లు తీసుకుంటారు. శుభం.

కుట్టి, క్యాలెండర్ అట్ట వేసి, "మా అమ్మ నాలుగు సంచికలు పాతపేపర్లవాడికి వేసేసింది, పక్కవీధి వాళ్ళవి తెచ్చి ఎక్కించా" అని చీటీ రాసి, బెజవాడ వెళ్ళే మా కొట్టు లారీ డ్రైవరు బాబాయికి ఇచ్చాను. కీసర దారిలోనే గదా, ఆయన ఆపి ఇచ్చి వెళ్ళాడు.

నెల తిరక్కుండా శుభలేఖ వచ్చింది. నాలుగు మూలలా పసుపు. లోపల చిన్న కాగితం. "సీరియల్ చదివా. పెళ్ళి నందిగామలో. తోడుపెళ్ళికూతురుగా నువ్వే కూర్చోవాలి. నాలుగు రోజుల ముందే రా."

నేను వెళ్ళలేదు. కడుపులో నొప్పన్నాను. అదీ అబద్ధం కాదు, నిజంగానే నొప్పి, కాకపోతే మందు లేని నొప్పి. మా అమ్మ వెళ్ళొచ్చింది. "పెళ్ళికొడుకు బంగారంలా ఉన్నాడు" అంది. నేను గోడ వైపు తిరిగాను. "తోడుపెళ్ళికూతురు పీట ముహూర్తం దాకా ఖాళీగానే ఉంచిందే ఆ పిల్ల. గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. చివరికి పదేళ్ళ చెల్లెల్ని కూర్చోబెట్టారు" అంది. నేను తిరగలేదు.

ఆ తరవాత అది రెండు ఉత్తరాలు రాసింది. నేను జవాబివ్వలేదు. మూడోది రాలేదు. రానందుకు దాని మీదే కోపం తెచ్చుకున్నాను, చూడండి నా న్యాయం.

నాకూ సంబంధాలు చూశారు. వచ్చిన ప్రతివాణ్ణీ వద్దన్నాను. మా అమ్మ మొదట ఎవడో ఉన్నాడనుకుంది. "ఎవడో చెప్పవే, మన వాళ్ళు కాకపోయినా మీ నాన్నకి నేను చెప్పుకుంటా" అని బతిమాలింది. ఎవడూ లేడంటే నమ్మదు. చివరికి కన్యకాపరమేశ్వరి అమ్మవారి పటం ముందు నాచేత దీపం ముట్టించి ప్రమాణం చేయించుకుంది. చేశాను. అప్పుడు నిజంగా భయపడింది. ఎవడో ఉంటే సర్దుకోవచ్చు, ఎవడూ లేకపోతే ఏం చేస్తాం? నేను ఆ పటం వైపు చూశాను. మా వాళ్ళ కులదేవత, సాక్షాత్తూ రాజే అడిగినా కాదన్న తల్లి. ఆవిడ కాదంటే గుడి కట్టారు, నేను కాదంటే జాతకం తిరగేశారు. ఆవిడ మీద కూడా కుళ్ళొచ్చింది. కానీ ఆవిడ కాదన్నందుకు నిప్పుల్లో దూకాల్సి వచ్చింది కదా అని గుర్తొచ్చి, లెంపలేసుకున్నాను. కాదన్నాక ఊరికే బతికి, రోజూ బస్సెక్కి ఉద్యోగానికి వెళ్ళొచ్చే ఆడమనిషి కథ పురాణంలోనూ లేదు, వారపత్రికలోనూ లేదు.

నేను ఎంఏ తెలుగు చేసి, నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరాను. రోజూ పేట నుంచి బస్సు. కీసరమ్మాయి పెళ్ళయి ఏడేళ్ళు గడిచాయి. ఆ ఏడాది సీనియర్ ఇంటర్‌లో కొత్తగా చేరిన పిల్ల ఒకత్తి, నేను బోర్డు మీద పద్యం రాస్తుంటే, పాఠం వినడం మానేసి నా చేతినే చూస్తోంది. క్లాసయ్యాక వరండాలో పట్టుకుంది.

"మేడమ్ గారూ, మీది పేటేనా అండి?"

"అవును. ఏం?"

"మీ రాత మా అక్క పుస్తకంలో చూశానండి. మాది కీసర."

వరండా పిట్టగోడ పట్టుకున్నాను. తోడుపెళ్ళికూతురు పీట మీద నా బదులు కూర్చున్న పదేళ్ళ చెల్లెలు, ఇప్పుడు జడలు రెండూ ముందుకేసుకుని నిలబడి ఉంది.

మర్నాడు పుస్తకం తెచ్చింది. క్యాలెండర్ అట్ట అంచులు అరిగిపోయాయి. పురికొస మాత్రం చెక్కుచెదరలేదు, నేను కుట్టింది కదా. "ఏడో క్లాసులో మొదటిసారి చదివానండి. ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు" అంది. తరవాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "నాకూ అంతేనండి. ఎవర్ని చూసినా ఏమీ అనిపించదు. హాస్టల్లో అందరూ అదే గోల కదండీ, నాకేదన్నా జబ్బేమో అనుకునేదాన్ని. ఈ అమ్మాయి ఆయనతో మొహమాటం అని చెప్తుంది చూడండి, ఆ పేజీ చదివాక జబ్బు కాదులే అనుకున్నా."

నేను సంతోషించాలి. రాసినవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? ఇప్పుడైతే అలాంటివాళ్ళకి ఏరొమాంటిక్ అనీ, ఎసెక్సువల్ అనీ ఇంగ్లీషులో పేర్లున్నాయట, వయసు పిల్లల ఇంగ్లీషు నవలల్లో అలాంటి పిల్లలు ఉన్నారట. అప్పుడు కీసరలో ఆ పిల్లకి దొరికినవి నా నాలుగు చేతివారాలు. అయినా నాకు మొట్టమొదట కలిగింది సంతోషం కాదు. కుళ్ళు. ఏడో క్లాసులోనే దీనికి దొరికేసింది! నా పదిహేడో ఏట నాకు ఎవరూ రాసిపెట్టలేదు, నాకు నేనే రాసుకోవాల్సి వచ్చింది. అంత చిన్నపిల్ల మీద కూడా కుళ్ళుకుంటున్నానని తెలిసి సిగ్గేసింది. సిగ్గుపడుతూనే కుళ్ళుకున్నాను.

"కానీ ఆఖరు మాత్రం నచ్చలేదండి" అంది ఆ పిల్ల.

"ఏం?"

"స్నేహితురాల్ని రైలు దింపేయడం ఎందుకండి? తనకి అనిపించదు, సరే. ఆ అమ్మాయికి అనిపిస్తోంది కదా. తనని ఎవరూ బలవంతపెట్టకూడదు గానీ, తను మాత్రం బలవంతపెట్టచ్చా?"

ఏడేళ్ళు నాకు నేను చెప్పుకోని మాట, పదిహేడేళ్ళ పిల్ల వరండాలో నిలబడి చెప్పేసింది. "అది అచ్చులో లేదమ్మా. నేను మార్చి రాశాను" అన్నాను. ఇంకేం మిగిలింది దాచడానికి?

"తెలుసండి. పెళ్ళిబట్టలకి నందిగామ వచ్చినప్పుడు అక్క బస్టాండులో ఆఖరి సంచిక కొనుక్కుని చదివేసిందట. నాకు పుస్తకం ఇచ్చేటప్పుడే చెప్పింది, ఈ చేతిరాత వారాలు నా స్నేహితురాలు నాకోసం రాసింది, పారేయకు అని." అని, పుస్తకం చివర్న తిప్పి చూపించింది. నా శుభం తరవాత ఇంకో రెండు కాగితాలు ఉన్నాయి. కొత్తవి, సూదీ దారంతో వంకరటింకరగా కుట్టినవి. "ఐదో వారం నేను రాశానండి. నవ్వకండి."

నవ్వలేదు. అందులో ఆ అమ్మాయి రైలు ఆపదు. రైలెక్కుతుంది. స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళి, పక్క పీట మీద కూర్చుని, కడుపునిండా తిని, ఏడ్చి, ఇంటికొస్తుంది. మళ్ళీ గురువారం పేజీలు చించి స్నేహితురాలికి పోస్టు చేస్తుంది. అంతే కథ. తెలుగు మేష్టరమ్మని కదా, తప్పులు దిద్దుదామని పెన్ను తీశాను. ఒక్క అక్షరం ముట్టుకోలేకపోయాను. అంత తేలికైన ముగింపు నాకెందుకు తట్టలేదో! పేట వెళ్ళే బస్సులో దారి పొడుగునా ఆ పిల్ల మీద కుళ్ళుతోనే కూర్చున్నాను.

ఆ ఆదివారం పరిటాల వెళ్ళాను. హనుమంతుడి విగ్రహం అప్పుడే కొత్తగా లేచింది, బస్సులో అందరూ ఒంగి ఒంగి చూస్తున్నారు. నేను మాత్రం ఏం మాట్లాడాలో వల్లెవేసుకుంటున్నాను. పెరట్లో ఒడియాలు పెడుతోంది కీసరమ్మాయి. కాస్త లావైంది. నన్ను చూసి లేవలేదు. పిండిచేత్తో నుదుటి మీద జుట్టు వెనక్కి తోసుకుని, "ఏడేళ్ళు పట్టిందటే కడుపునొప్పి తగ్గడానికి?" అంది.

వల్లెవేసుకున్నది మొత్తం పోయింది. "నువ్వు వెళ్ళిపోతావని భయపడి రాశానే" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"తెలుసు. పెళ్ళి వద్దను అని నాలుగు వారాలు రాశావు. నాకు నువ్వు కావాలే అని ఒక్క ముక్క రాయలేకపోయావా? పెళ్ళి చేసుకుని కూడా వారం వారం వచ్చేదాన్ని. పేటేమన్నా కాశీనా?" అని, చేతులు కడుక్కుని లోపలికెళ్ళింది. వచ్చేటప్పుడు ఒక గోతం ఈడ్చుకుంటూ వచ్చి నా ముందు పెట్టింది.

లోపల సీరియల్ పేజీలు. ఏడేళ్ళవి. స్కేలు పెట్టి నీటుగా చించి, కట్టలు కట్టి, ఒక్కో కట్ట మీద సీరియల్ పేరు రాసి ఉంది. ఒక్కటీ కుట్టలేదు.

"కుట్టలేదేం?" అన్నాను, అడగాల్సినవన్నీ వదిలేసి.

"నా వంతు చించడం వరకే" అంది.

అప్పుడే వాళ్ళాయన కంచికచర్ల నుంచి వచ్చాడు. స్కూటర్ స్టాండు వేసి, నన్ను చూసి, ఒక్క క్షణం ఆగాడు. సరిగ్గా ఆ సీరియల్లో వాడిలాగే. నాకు పాత మంట ఒక్కసారి గుప్పుమంది.

"పేట ఆవిడేనా?" అని భార్యని అడిగి, నా వైపు తిరిగాడు. నవ్వితే బాగానే ఉంటాడు, ఏం చేస్తాం. "గురువారం వస్తే చాలండి, ఈవిడ మన లోకంలో ఉండదు. పేజీలు చించుకుంటూ మీ మాటే, అది ఉంటే ఇలా అనేది, అది ఉంటే అలా నవ్వేది అని. పెళ్ళయిన కొత్తలోనైతే మీరంటే నాకు ఒళ్ళుమంటగా ఉండేదండి. నిజం చెప్పాలంటే ఇప్పటికీ కొంచెం కుళ్ళే."

"దబ్బనం ఉందా అండి, మీ కొట్లో?" అని మాత్రం అడిగాను.